ఉక్కునగరంలో నమాజు, నిద్ర, అన్నం

సువర్ణరేఖ, ఖర్కాయి నదులు కలిసే చోట, దల్మా కొండలకు చేరువలో జంషెడ్‌పూరు నగరం వెలసి ఉన్నది. 1907లో టాటా ఇనుము, ఉక్కు కంపెనీ స్థాపితమైన నాటికి ఇక్కడ ఉన్నది సాక్చీ అనే చిన్న పల్లె మాత్రమే. 1912 ఫిబ్రవరిలో కర్మాగారం నుండి మొదటి ఉక్కు దిమ్మ వెలువడినది. 1919 జనవరి 2న వైస్రాయి చెమ్స్‌ఫర్డ్ ప్రభువు సాక్చీకి జంషెడ్‌జీ నసర్వాన్‌జీ టాటా పేరు పెట్టాడు. కాళీమాటి అని పిలువబడుతూ వచ్చిన రైల్వే స్టేషను టాటానగర్ అయినది. పూర్వం బీహారు రాష్ట్రంలో ఉండిన ఈ నగరం 2000 నవంబరు 15 నుండి జార్ఖండ్ రాష్ట్రానికి చెందినది.

జంషెడ్‌జీ ఈ నగరాన్ని కన్నులారా చూడలేదు. ఆయన 1904లోనే కన్నుమూశాడు. కాని 1902లో కుమారుడు దొరాబ్‌జీకి రాసిన లేఖలో, రానున్న నగరం ఎట్లా ఉండాలో ఆయన సూచించాడు. వీధులు విశాలంగా ఉండాలి. త్వరగా ఎదిగే నీడచెట్లు నాటాలి. పచ్చిక బయళ్లకూ, తోటలకూ, ఆటస్థలాలకూ ధారాళంగా చోటు వదలాలి. హిందూ దేవాలయాలకు, ముస్లిం మసీదులకు, క్రైస్తవ చర్చిలకు స్థలం కేటాయించాలి. ఆ లేఖ సారాంశమిది. ఇందులో గమనింపదగిన విశేషమొకటి ఉన్నది. ఉక్కు కరిగించే కొలిమికి ఎట్లా చోటు కావాలో, మనిషి చెట్టునీడన కూర్చోవడానికీ, దేవుని ముందు తల వంచడానికీ అట్లే చోటు కావాలని ఒక పారిశ్రామికవేత్త కర్మాగారం పుట్టకముందే తలచాడు. దేహం, మనస్సు, విశ్వాసం అనే మూడింటిని విడదీసి చూడలేదన్న మాట.

ఈ నగరానికి దేశం నలుమూలల నుండి జనం తరలివచ్చారు. శ్రీకాకుళం, విశాఖ సీమల నుండి వచ్చిన తెలుగువారి సంఖ్య తక్కువేమీ కాదు. బిష్టుపూరులోని రామమందిరం వారి భక్తికి గుర్తు. సాక్చీ, ధాత్కీడీహ్, జుగ్సలాయి, మాంగో, ఆజాద్‌నగర్ వంటి పేటలలో ముస్లిం కుటుంబాలు స్థిరపడినవి. కొలిమి ముందు నిలబడిన మనిషి ఏ మతస్థుడైనా వేడి ఒకటే. ఆ వేడిలో ఎనిమిది గంటలు గడిపి ఇల్లు చేరిన ముస్లిం కార్మికుని నిత్యజీవితంలో అతని ధర్మం విశ్రాంతిని గురించి, ఆహారాన్ని గురించి ఏమి చెబుతున్నది? నేటి వైద్యశాస్త్రం దానితో ఎక్కడ ఏకీభవిస్తున్నది, ఎక్కడ హెచ్చరిస్తున్నది? ఈ వ్యాసంలో పరిశీలించదలచినది ఇదే.

ఎనిమిది గంటల కథ

విశ్రాంతి అనే మాటకు ఈ నగరంలో ఒక చరిత్ర ఉన్నది. 1911 నాటి భారత ఫ్యాక్టరీల చట్టం నేతమిల్లులలో పురుషుల పనిదినాన్ని పన్నెండు గంటలకు పరిమితం చేసినది. పన్నెండు గంటలే ఆనాడు దయగా భావించబడినది. అట్టి కాలంలో, 1912లో, జంషెడ్‌పూరు కర్మాగారం ఎనిమిది గంటల పనిదినాన్ని అమలులోకి తెచ్చినది. అంతర్జాతీయ కార్మిక సంస్థ తన మొదటి ఒడంబడికలో ఎనిమిది గంటల నియమాన్ని ప్రకటించినది 1919లో. మన దేశంలో 1922 చట్టం రోజుకు పదకొండు గంటలు, 1934 చట్టం పది గంటలు అన్నవి. 1948 ఫ్యాక్టరీల చట్టం వారానికి నలభై ఎనిమిది గంటల పరిమితిని విధించినది. ఉచిత వైద్యసహాయం 1915లోను, వేతనంతో కూడిన సెలవు, భవిష్యనిధి 1920లోను ఇక్కడ ప్రారంభమైనవి.

ఐతే ఇదంతా యజమానుల ఔదార్యమే అనుకొంటే చరిత్ర సగమే చదివినట్లు. 1920, 1922, 1928 సంవత్సరాలలో ఇక్కడ పెద్ద సమ్మెలు జరిగినవి. కార్మిక సంఘానికి సుభాస్ చంద్ర బోసు అధ్యక్షత వహించాడు. ఆయన తరువాత ఆ బాధ్యత స్వీకరించినవాడు ఆచార్య అబ్దుల్ బారీ. కళాశాల అధ్యాపకుడు, స్వాతంత్ర్య సమరయోధుడు, నిరాడంబరుడు. హిందువులు, ముస్లిములు, ఆదివాసులు, తెలుగువారు, బెంగాలీలు, పంజాబీలు అందరూ ఆయనను తమవాడని నమ్మారు. 1947 మార్చి 28న పాట్నా సమీపంలో ఆయన తుపాకి గుండుకు బలియైనాడు. అప్పుడు బీహారులోనే శాంతియాత్రలో ఉన్న గాంధీజీ ఆయన కుటుంబాన్ని పరామర్శించాడు. శోణ నదిపై కోయిల్వార్ వద్ద ఉన్న ప్రాచీనమైన రైలు వంతెనకు నేడు అబ్దుల్ బారీ పేరున్నది. కార్మికుని నిద్ర కోసం, తిండి కోసం, ఇంటి కోసం వాదించడం ఆయన దృష్టిలో ధర్మానికి వెలుపలి పని కాదు.

శరీరానికీ హక్కున్నది

ఇస్లాం ధర్మంలో విశ్రాంతి సోమరితనం కాదు. రాత్రిని దేహానికి కప్పుగా, నిద్రను విశ్రాంతిగా, పగటిని జీవనోపాధికి అనువైన వేళగా ఖురాను వర్ణిస్తున్నది. హదీసు గ్రంథాలలో అబ్దుల్లా బిన్ అమ్ర్ అనే యువకుని వృత్తాంతం ప్రసిద్ధం. అతడు పగలంతా ఉపవాసం, రాత్రంతా ప్రార్థన అని దీక్ష పట్టాడు. ఆ సంగతి మహమ్మదు ప్రవక్తకు తెలిసినది. ప్రవక్త అతనిని మెచ్చుకోలేదు, పిలిచి మందలించాడు. కొన్ని దినాలు ఉపవసించు, కొన్ని దినాలు తిను. కొంతసేపు ప్రార్థించు, కొంతసేపు నిద్రించు. నీ దేహానికి నీమీద హక్కున్నది, నీ కన్నులకు హక్కున్నది, నీ భార్యకు హక్కున్నది, నీ అతిథికి హక్కున్నది అని ఆ మందలింపు తాత్పర్యం. భక్తి పేరిట దేహాన్ని హింసించడం భక్తి కాదని ఇంత సూటిగా చెప్పిన ఘట్టం మరొకటి అరుదు.

మధ్యాహ్నపు కునుకుకు అరబ్బీలో ఖైలూలా అని పేరు. దానిని ప్రవక్త సంప్రదాయంగా ముస్లిములు గౌరవిస్తారు. శుక్రవారపు జుమ్మా నమాజు విషయంలోనూ ఇట్టి సమతూకమే కనబడుతుంది. పిలుపు వినబడగానే వ్యాపారం ఆపి ప్రార్థనకు రమ్మని ఖురాను ఆదేశిస్తుంది. ప్రార్థన ముగియగానే మళ్లీ జీవనోపాధిని వెదకుకొనుటకు బయలుదేరమంటుంది. పని, విరామం, మళ్లీ పని.

కాని ఉక్కు కర్మాగారం సూర్యుని చూసి నడవదు. కొలిమి చల్లారకూడదు. అందుచేత ఉదయం ఆరు నుండి రెండు వరకు, రెండు నుండి రాత్రి పది వరకు, పది నుండి తెల్లవారి ఆరు వరకు అని మూడు షిఫ్టులు. నమాజు వేళలేమో సూర్యునితో ముడిపడి ఉన్నవి. ఈ రెండు గడియారాల మధ్య జంషెడ్‌పూరు ముస్లిం కార్మికుడు తన దినచర్యను సర్దుకొంటూ వచ్చాడు. డిసెంబరు చివర ఇక్కడ సూర్యోదయం దాదాపు ఆరుం బావు దాటిన తరువాత. కనుక రాత్రి షిఫ్టు ముగించి వచ్చినవాడు త్వరపడితే ఫజర్ నమాజును బయట చేసుకోగలడు. జూన్‌లో ఐదు గంటలకే సూర్యుడు ఉదయిస్తాడు. అప్పుడు ఆ నమాజు పనిచోటనే జరగాలి. ఐదు నిమిషాల పాటు చేతులు, ముఖం, పాదాలు కడిగి, నోరు పుక్కిలించి, పరిశుభ్రమైన చోట నిలిచే ఆ విరామం నల్లని ధూళి నడుమ పనిచేసేవానికి కేవలం ఆచారం కాదు. భోజనానికి ముందు చేతులు కడుక్కోవడం అంటువ్యాధులను ఎంతగా నివారిస్తుందో ప్రజారోగ్య శాస్త్రం చెబుతూనే ఉన్నది. వజూ ఆ అలవాటును దినానికి ఐదుసార్లు గుర్తుచేస్తుంది.

రాత్రి షిఫ్టు సంగతి మరింత గంభీరమైనది. దేహంలో పగలు రాత్రులను అనుసరించి నడిచే ఒక లోగడియారం ఉన్నదని, అది ప్రతి కణంలోనూ పనిచేస్తుందని నిరూపించిన ముగ్గురు శాస్త్రజ్ఞులకు 2017లో నోబెల్ బహుమతి లభించినది. ఆ గడియారాన్ని తరచు తారుమారు చేస్తే జీర్ణక్రియ, రక్తపోటు, మధుమేహం, మనోస్థితి అన్నీ ప్రభావితమవుతవి. రాత్రి షిఫ్టు పని మానవులలో కాన్సరుకు బహుశా కారణం కావచ్చునని అంతర్జాతీయ కాన్సర్ పరిశోధన సంస్థ 2007లో ప్రకటించి, 2019లో మళ్లీ ధ్రువపరచినది. పగటి నిద్ర రాత్రి నిద్రకు పూర్తి ప్రత్యామ్నాయం కాలేదు. ఐనా గదిని చీకటి చేయడం, ఇంటివారు ఆ కొన్ని గంటలు నిశ్శబ్దం పాటించడం, షిఫ్టు చివర టీ, కాఫీలు మానడం, మొత్తం మీద ఏడు గంటల నిద్ర కూడగట్టడం సాధ్యమే. ఇరుకైన క్వార్టరులో, పిల్లలున్న ఇంటిలో ఇది చెప్పినంత సులువు కాదు. తండ్రి పగటిపూట నిద్రించే హక్కు ఇంటిల్లిపాది బాధ్యత. ఇరుగు పొరుగు లౌడ్‌స్పీకరుకూ, అది ఏ మతోత్సవానిదైనా, ఇందులో కొంత బాధ్యత ఉన్నది.

కొలిమి ముందు రోజా

రంజాన్ మాసంలో ఉపవాసానికి రోజా అని పేరు. తొలి వెలుగు నుండి సూర్యాస్తమయం వరకు అన్నం లేదు, నీరూ లేదు. ముస్లిం పంచాంగం చాంద్రమానం. సంవత్సరానికి 354 దినాలే. అందువలన రంజాన్ ఏటేటా సుమారు పదకొండు దినాలు ముందుకు జరుగుతూ, ముప్పదిమూడేండ్లలో అన్ని ఋతువులనూ చుట్టివస్తుంది. ముప్పై ఏళ్లకు పైగా ఉద్యోగం చేసిన కార్మికుడు చలిలోనూ, వానలోనూ, మండువేసవిలోనూ రోజా పాటించి ఉంటాడు. జంషెడ్‌పూరులో డిసెంబరు రోజా సుమారు పన్నెండు గంటలు. జూన్ రోజా దాదాపు పదిహేను గంటలు.

ఇక్కడనే అసలు చిక్కు. వేడిలో శ్రమించే కార్మికుడు ప్రతి పదిహేను, ఇరవై నిమిషాలకు ఒక గ్లాసు నీరు తాగుతూ ఉండాలని వృత్తి ఆరోగ్య నిపుణులు చెబుతారు. అంటే గంటకు ముప్పాతిక లీటరు నుండి లీటరు వరకు. వేసవిలో ఊరిలోనే ఉష్ణోగ్రత నలభై డిగ్రీలు దాటుతుంది; కోక్ అవెన్ల వద్ద, బ్లాస్ట్ ఫర్నేసు వద్ద ఎంత ఉంటుందో ఊహించవచ్చు. నీరు లేక రక్తం చిక్కబడి, తల తిరిగి, కరిగిన లోహం పక్కన ఒక్క అడుగు తడబడితే ఆ ప్రమాదం అతనొక్కనిది కాదు, తోటివారందరిదీ.

ధర్మశాస్త్రం ఈ చిక్కును ఎరుగనిది కాదు. రోగులకు, ప్రయాణికులకు ఖురానే మినహాయింపు ఇచ్చినది. వారు తప్పిన దినాలను తరువాత పూర్తిచేయవచ్చు. ఎన్నటికీ ఉపవసించలేనివారు ప్రతి దినానికీ బదులుగా ఒక పేదవానికి అన్నం పెట్టాలి. గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు కూడా, తమకో బిడ్డకో హాని కలుగుతుందని భయమున్నప్పుడు ధర్మవేత్తలు సడలింపు ఇచ్చారు. కఠిన శ్రమ చేసేవాడు సహరీ తిని, సంకల్పించి రోజా ప్రారంభించి, మధ్యలో ప్రాణానికో ఆరోగ్యానికో ముప్పు అనిపిస్తే విరమించి, మరొక దినం తీర్చుకోవచ్చునని పలువురు విద్వాంసులు చెప్పియున్నారు. దేవుడు మీకు సులువునే కోరుతున్నాడు, కష్టాన్ని కాదు అనే భావం ఖురానులో ఉపవాసాన్ని విధించిన సందర్భంలోనే వస్తుంది. అది ఉపవాసానికి మినహాయింపు కాదు, ఉపవాస విధిలోనే ఒక భాగం.

ఐతే శాస్త్రం సడలింపు ఇచ్చినా మనిషి తీసుకోడు. అందరూ రోజాలో ఉన్న ఇంటిలో తానొక్కడు నీరు తాగడం తలవంపుగా భావిస్తాడు. మధుమేహ రోగులలో ఇది మిక్కిలి ప్రమాదకరం. 2023లో ప్రకటితమైన భారత వైద్య పరిశోధన మండలి అధ్యయనం ప్రకారం మన దేశంలో పది కోట్లకు పైగా మధుమేహ రోగులున్నారు. అంతకు చాలా ముందే, 2001లో, పదమూడు దేశాలలో పన్నెండు వేలమందికి పైగా ముస్లిం మధుమేహ రోగులను పరిశీలించిన ఒక అధ్యయనంలో, రంజాన్ నెలలో రక్తంలో చక్కెర తీవ్రంగా పడిపోవడం మొదటి రకం రోగులలో సుమారు ఐదింతలు, రెండవ రకం వారిలో ఏడున్నర రెట్లు పెరిగినట్లు తేలినది.

దీనికి విరుగుడు రోజాను నిషేధించడం కాదు. వైద్యునికీ విశ్వాసికీ మధ్య సంభాషణ. అంతర్జాతీయ మధుమేహ సమాఖ్య ఈ విషయమై మార్గదర్శకాలను వెలువరించి 2021లో సవరించినది. వాటి సారాంశం సామాన్యునికి సైతం బోధపడేదే. రంజాన్‌కు ఆరు నుండి ఎనిమిది వారాల ముందే వైద్యుని కలవాలి. మందుల వేళలు, మోతాదులు ఆయన మార్చాలి. రోగి సొంతంగా మార్చరాదు, మానరాదు. ఉపవాసంలో ఉండగా కూడా రక్తపరీక్ష చేసుకోవాలి. వేలికొనను పొడిచి రక్తపు బొట్టు తీసినంత మాత్రాన రోజా భంగం కాదని ధర్మవేత్తలు చెప్పారు. ఈ ఒక్క మాట తెలియకనే ఎందరో పరీక్ష మానుకొంటున్నారు. చక్కెర డెబ్బైకి తగ్గినా, మూడు వందలు దాటినా తక్షణమే రోజా విరమించాలి. మసీదులోని ఇమాము శుక్రవారపు ప్రసంగంలో ఈ మాట చెబితే, వైద్యుడు పదిసార్లు చెప్పిన దానికంటే ఎక్కువ ఫలితం ఉంటుంది.

పళ్లెంలో ఏమున్నది

సూర్యుడు అస్తమించగానే ఖర్జూరంతో, నీటితో రోజా విరమించడం ఆచారం. తేలికగా జీర్ణమయ్యే చక్కెర, పోగొట్టుకొన్న నీరు. ఇంతకంటె చక్కని ఆరంభం లేదు. చిక్కంతా ఆ తరువాత వస్తుంది. బీహారు, జార్ఖండ్ ప్రాంతపు ఇఫ్తారు విస్తరిలో నల్లశనగల గుగ్గిళ్లు, మరమరాలు, పండ్ల ముక్కలు, సత్తు షర్బతు ఉంటవి. వాటితోపాటు ఉల్లి పకోడీలు, సమోసాలు, ఎర్రని తియ్యని పానీయాలు కూడ ఉంటవి. మొదటి వరుస ఆరోగ్యం, రెండవ వరుస రుచి. రెండవదే ముందు ఖాళీ అవుతుందని వేరుగా చెప్పనక్కరలేదు. పగలంతా ఖాళీగా ఉన్న కడుపులో నూనెవంటకాలు కుక్కితే గుండెల్లో మంట, నిద్రలేమి తప్పవు. నెల చివర బరువు తగ్గవలసినవారు పెరుగుతారు.

వేయించిన శనగలను దంచిన సత్తు ఈ ప్రాంతపు శ్రామికుని అసలైన ఆహారం. మాంసకృత్తులు, పీచు పదార్థం సమృద్ధిగా ఉన్న ఆ పిండిని నీటిలో కలిపి, నిమ్మరసం, ఉల్లి, జీలకర్ర చేర్చి తాగుతారు. సహరీ వేళ ఒక గ్లాసు సత్తు చాలాసేపు ఆకలిని ఆపుతుంది. అట్లే ఇక్కడి ఆదివాసుల ఇండ్లలో మడువా రొట్టె. మడువా అంటే మరేదో కాదు, శ్రీకాకుళం వారి చోళ్లే, రాయలసీమవారి రాగులే. చోడి అంబలి తాగి పెరిగిన తెలుగు కార్మికుడు వందల మైళ్లు దాటి వచ్చి పొరుగింటి పళ్లెంలో అదే గింజను చూశాడు. తెల్లని బియ్యానికీ, మైదాకూ అలవాటు పడి ఈ గింజను మరచిన వారందరికీ, ఏ మతం వారికైనా, దానిని తిరిగి గుర్తు చేయవలసి ఉన్నది.

తినండి, తాగండి, మితిమీరకండి అన్నది ఖురాను బోధ. కడుపులో ఒక పాలు అన్నానికి, ఒక పాలు నీటికి, ఒక పాలు ఊపిరికి వదలమని ప్రవక్త సూచన. కడుపు సగమే నింపమనే మన ఆయుర్వేద పెద్దల మాటకు ఇది చాలా దగ్గర. ఈ దగ్గరితనం యాదృచ్ఛికమైనది కాదు. గ్రీకు, అరబ్బు, భారతీయ వైద్యాలు శతాబ్దాలపాటు ఒకదాని నుండి మరొకటి నేర్చుకొన్నవి. 980లో జన్మించి 1037లో మరణించిన ఇబ్న్ సీనా రచించిన వైద్య గ్రంథం యునానీ వైద్యానికి మూలస్తంభం. ఆరోగ్యానికి ఆరు అవశ్యకాలున్నవని యునానీ హకీములు చెబుతారు: గాలి, అన్నపానాలు, దేహపు కదలిక విశ్రాంతి, మనస్సు కదలిక విశ్రాంతి, నిద్ర మెలకువ, విసర్జనం నిలుపుదల. మందు ఈ ఆరింటి తరువాతనే. 1921లో ఢిల్లీలో హకీం అజ్మల్ ఖాన్ తిబ్బియా కళాశాలను గాంధీజీ ప్రారంభించాడు; అక్కడ యునానీతో పాటు ఆయుర్వేదమూ బోధించబడినది. హైదరాబాదులో చార్మినారు పక్కనే ఉన్న నిజామియా యునానీ వైద్యశాల తెలుగు పాఠకులకు సుపరిచితమే. ఈ వైద్యంలోని ప్రతి ఔషధమూ నేటి పరీక్షలకు నిలుస్తుందని చెప్పలేము. కాని నిద్రను, మనశ్శాంతిని అన్నంతో సమానంగా లెక్కించిన ఆ దృష్టికి వంక పెట్టలేము. ఉప్పు రోజుకు ఐదు గ్రాములు మించరాదని, కూరగాయలు, పండ్లు నాలుగు వందల గ్రాములైనా ఉండాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతున్న నేటి కొలతలను ఆ ఆరింటిలో రెండవదానికి జతచేసుకొంటే సరిపోతుంది.

పొరుగువాని నిద్ర

మనస్సు విశ్రాంతి అనే నాలుగవ అవశ్యకాన్ని ఏ వైద్యుడూ చీటీ మీద రాసి ఇవ్వలేడు. పొరుగువాడు ఆకలితో ఉండగా తాను కడుపునిండా తినేవాడు విశ్వాసి కాడన్నది ప్రవక్త బోధ. రంజాన్ ముగిసి ఈద్ నమాజుకు వెళ్లకముందే ఫిత్రా దానం చెల్లించాలనే నియమం, పండుగనాడు పేదవాని పొయ్యి కూడా వెలగాలనే ఉద్దేశంతో ఏర్పడినది. పొరుగువాని అన్నం వలెనే పొరుగువాని భయం కూడా మన నిద్రకు సంబంధించినదే. జంషెడ్‌పూరు 1964లోను, 1979 ఏప్రిల్‌లోను మతకల్లోలాల చేదును చవిచూసినది. 1979లో, సామరస్యం కోసం నిరాహారదీక్ష పూనిన ఉర్దూ రచయిత, అధ్యాపకుడు జకీ అన్వర్ ఆ అల్లర్లలోనే హతుడైనాడు. ఆయన పట్టినదీ ఒక ఉపవాసమే. రంజాన్‌ది కాదు, ఊరిది. అట్టి రోజులలో ఏ ఇంటిలోనూ, ఏ మతం వారికీ, కంటికి కునుకు ఉండదు. ఆ గాయం తరువాత కూడా అదే కర్మాగారంలో, అవే షిఫ్టులలో, వారే పక్కపక్కన నిలిచి పనిచేశారు. రోజాలో ఉన్న తోటివాడు బరువెత్తబోతే ముందుకు వచ్చి తాను ఎత్తడం వంటి చిన్న మర్యాదలు ఏ ఒడంబడికలోనూ రాసి ఉండవు.

రానున్న 2030లో రంజాన్ రెండుసార్లు ప్రారంభమవుతుంది, జనవరి మొదట ఒకసారి, డిసెంబరు చివర మరొకసారి. అప్పుడు జంషెడ్‌పూరులో రోజా పన్నెండు గంటలే. సూర్యాస్తమయం సాయంత్రం ఐదుం బావు ప్రాంతంలో. ఉదయపు షిఫ్టువాడు రెండింటికి ఇల్లు చేరి, ఖైలూలా తీసి, కుటుంబంతో ఇఫ్తారుకు కూర్చోగలడు. రెండు నుండి పది వరకు పనిచేసేవానికి మాత్రం ఇఫ్తారు వేళ సరిగా పని నడుమ వస్తుంది. అతనికి ఖర్జూరం, నీరు, పావుగంట వ్యవధి, క్యాంటీనులో పకోడీకి బదులు గుగ్గిళ్లు అందేట్లు ఏర్పాటు చేయడానికి పెద్ద ఖర్చేమీ కాదు. షిఫ్టుల పట్టిక వేసేవారు పంచాంగం వైపు ఒకసారి చూస్తే చాలు.